సవరణ: హీలియం వాల్వ్ పని నీటి అడుగున కాదు

డైవింగ్ వాచీల గురించి ఇంతకు ముందు రాసినప్పుడు, కేసు (వాచీ బయటి లోహపు డొక్కు) పక్కన ఉండే హీలియం వాల్వ్ వల్లే వాచీ ఎక్కువ లోతును తట్టుకుంటుందని పేర్కొన్నాను, అది పొరపాటు. లోతును తట్టుకునేది దళసరి కేసు, అద్దం, గాస్కెట్లు (సందులను మూసే రబ్బరు వలయాలు), స్క్రూలా బిగుసుకునే క్రౌన్ (ముళ్లను తిప్పే మర). రోజుల తరబడి పీడనగదిలో హీలియం కలిసిన గాలి పీలుస్తూ గడిపే శాచురేషన్ డైవర్ల వాచీల్లోకి, నీటిని ఆపగలిగిన ఆ గాస్కెట్ల గుండానే, అతి చిన్నవైన హీలియం పరమాణువులు చొరబడతాయి. ఆ తర్వాత గది పీడనాన్ని తగ్గిస్తున్నప్పుడు లోపలి వాయువు అంతే వేగంగా బయటపడలేక అద్దాన్ని ఊడగొట్టే ప్రమాదం ఉంది. సరిగ్గా అప్పుడే లోపలి ఒత్తిడికి స్ప్రింగు లొంగి, వాల్వ్ తెరుచుకుని వాయువును వదిలేస్తుంది. రోలెక్స్ 1967లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఏర్పాటు ఇదే. 1970ల నాటి ఒమేగా కంపెనీ డైవింగ్ వాచీ ప్లోప్రోఫ్‌కు అసలీ వాల్వే లేదు. హీలియం లోపలికే రాకుండా దాని కేసును ఒకే ఉక్కు ముక్కతో మలిచారు, నా దృష్టిలో అదే మరింత సొగసైన పరిష్కారం.