తల ఊపే గుర్రానికి కిరాయి ఎక్కువ

గుర్రాల వైద్యం గురించి నాకు ఏమీ తెలియదని ఇంతకాలం బాధపడుతూ వచ్చాను. మొన్న మాఘమాసంలో హనుమకొండలో ఒక బరాత్‌కు వెళ్లి వచ్చాక ఆ బాధ తీరింది. నాకంటే తక్కువ తెలిసినవాళ్లు ఊరి నిండా ఉన్నారు. వాళ్లందరూ మగపెళ్లివారే.

తెల్ల గుర్రం. నెత్తి మీద నెమలి ఈకల కుచ్చు, వీపున జరీ గుడ్డ, మెడలో గజ్జెలు. కుడి ముందుకాలికి మోకాలికీ గిట్టకూ మధ్య, వెనకవైపు, కండను ఎముకకు కట్టి ఉంచే నరం, తాడులా నిటారుగా ఉండవలసినది, విల్లులా బయటికి వంగి ఉంది. అందం చెడకుండా దాని మీద ఎర్రటి తళుకుల పట్టీ కట్టారు. పైన తొంభై కిలోల పెళ్లికొడుకు. ఆయన ముందు ఇంకో ఇరవై కిలోల తోడుపెళ్లికొడుకు.

కుంటి ముందుకాలు నేలకు ఆనిన ప్రతిసారీ గుర్రం తల పైకి ఎత్తుతుంది. ఆ కాలి మీద పడే బరువును మెడతో వెనక్కి లాక్కునే అవస్థ అది. మంచి కాలు పడగానే తల దించుతుంది. పశువైద్యులు ఆమడ దూరం నుంచే కుంటును పసిగట్టేది ఈ గుర్తుతోనే. మా బరాత్‌లో పసిగట్టింది డీజే.

మొదట్లో పాట వేగంగా ఉంది, గుర్రం నెమ్మదిగా ఉంది. కుర్రాళ్లలో ఒకడు గమనించి, ‘అన్నా, గుర్రం తాళం వేస్తోంది, నీ పాటే తప్పుతోంది’ అని అరిచాడు. డీజే వంగి చూశాడు. నిజమే. పాట తగ్గించాడు. కాలు పడింది, తల లేచింది, డప్పు మోగింది. మళ్లీ కాలు, మళ్లీ తల, మళ్లీ డప్పు. ఈలలు మిన్నంటాయి. అక్కడి నుంచి ఫంక్షన్ హాలు ఒకటిన్నర కిలోమీటరు. ఆ తాళానికి రెండున్నర గంటలు పట్టింది. ఆడవాళ్లు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీశారు. టపాకాయల మోతకు గుర్రం ఉలిక్కిపడి రెండడుగులు తప్పేసినప్పుడు ‘స్టెప్పు మార్చింది’ అన్నారు. ‘మామూలు గుర్రమైతే తక్కువకే వచ్చేది సార్, ఇది ఆడే గుర్రం కాబట్టి మూడు వేలు ఎక్కువ’ అని కిరాయి కుదిర్చిన మధ్యవర్తి నాతో వినయంగా చెప్పాడు. ఈ లెక్కన రెండు కాళ్లూ కుంటితే కచేరీ ధర పలుకుతుందేమో అడగబోయి ఊరుకున్నాను.

ఇంతలో వెనక ఏసీ కారులోంచి పెళ్లికొడుకు మేనమామ దిగాడు. ఆయన నడవకూడదు. నెల క్రితమే హైదరాబాదులో మోకాలికి ప్లాస్మా ఇంజెక్షన్ చేయించుకున్నాడు. డాక్టరు నాలుగు రోజులు జాగ్రత్త అంటే ఆయన నాలుగు వారాలు పాల ప్యాకెట్టుకు కూడా గడప దాటలేదు. ‘బావా, శాస్త్రం ఎక్కడికో వెళ్లిపోయింది. మన రక్తమే తీసి, గిరగిరా తిప్పి, మనకే ఎక్కిస్తారు. గుర్రాలకు కూడా చేస్తున్నారు తెలుసా!’ అని ఫోనులో ఒక విదేశీ గుర్రాన్ని చూపించాడు. ఆయన వెనక మా గుర్రం అవునవునన్నట్టు తల ఊపుతోంది.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ప్లేట్‌లెట్లు అనగానే మనకు డెంగీ, బొప్పాయి ఆకు రసం గుర్తొస్తాయి కానీ, వాటిలో గాయం మానడానికి పనికొచ్చే పదార్థాలున్నాయి. గుర్రం రక్తం తీసి యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని, స్కానింగులో చూస్తూ, నరం చిరిగిన చోటే సూదితో దింపుతారు. కీళ్లకైతే అదే గుర్రం రక్తాన్ని గాజుపూసలున్న సిరంజిలో వెచ్చగా ఉంచి, వాపును అణచే సీరం తయారుచేసి ఎక్కిస్తారు. ఇంకా పెద్ద వైద్యమూ ఉంది. రొమ్ము ఎముక నుంచో తుంటి ఎముక నుంచో మజ్జ తీసి, మూలకణాలను ప్రయోగశాలలో రెండు మూడు వారాలు పెంచి ఎక్కిస్తారు. గుర్రం నరానికి ఈ పని చేసినట్టు లండన్ రాయల్ వెటర్నరీ కళాశాల బృందం 2003లోనే ప్రకటించింది. తెగిన నరం తనంతట తాను అతుక్కుంటే పాత సాగుడు గుణం రాదు, మచ్చ కట్టి బిగుసుకుంటుంది, పరుగెత్తితే మళ్లీ తెగే ప్రమాదం ఉంది. ఈ వైద్యాల తాపత్రయమంతా ఆ అతుకును కాస్త మేలుగా మార్చడానికే. మూలకణాల మీద ఆశ గట్టిగానే ఉంది, ప్లేట్‌లెట్ల ఫలితాలు ఒక్కో పరిశీలనలో ఒక్కోలా ఉన్నాయి.

మేనమామ వీడియోలో లేనిది ఒకటుంది. సూది దింపడానికి పట్టేది కొన్ని నిమిషాలు. తర్వాత గుర్రాన్ని కొట్టంలో కట్టేసి, రోజుకు పది నిమిషాలు పగ్గం పట్టుకుని నడిపించి, వారాలు గడిచేకొద్దీ కొంచెం కొంచెం పెంచుతూ, మధ్యమధ్య స్కానింగు తీస్తూ, మళ్లీ పరుగు పెట్టించడానికి తొమ్మిది నెలలో ఏడాదో పడుతుంది. అసలు మందు విశ్రాంతి. అది సీసాలో దొరకదు కాబట్టి మన వాళ్లకు ఆనదు.

మన దగ్గర దొరికేది నొప్పి మందు. పొడిస్తే గంటలో గుర్రం కుంటదు. నొప్పి తెలియక పూర్తి బరువు మోపుతుంది, మిగిలిన నాలుగు పోగులూ తెగుతాయి. అలాంటి నొప్పి మందే అయిన డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటాన్ని 2006లో నిషేధించారు. పశువు మీద జాలితో అనుకునేరు, దాని కళేబరం తిన్న రాబందులు చచ్చిపోతున్నాయని. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీది రాబందులను లెక్కపెట్టుకుని మరీ కాపాడబోయాం, సంతోషం. ఈ దేశంలో పశువుకు రక్షణ కావాలంటే ముందు చావాలి, ఆ తర్వాత ఒక అరుదైన పక్షికి ఆహారం కావాలి.

గుర్రాల విషయంలో మన ప్రాంతానికి చరిత్ర లేకపోలేదు. గుర్రం మీద లేని రుద్రమదేవిని మనం ఊహించుకోలేం. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయశాసనం ఇచ్చాడు. గుర్రాలు ఓడల్లో వచ్చిన కాలం అది. పాండ్య రాజ్యంలో ఏటా వేల గుర్రాలు కొంటారని, లాడాలు కొట్టేవాళ్లు లేక, సాకడం తెలియక చంపుకుంటారని మార్కోపోలో రాశాడు. మన గురించి కాదులే అని ఏడు వందల ఏళ్లు నిశ్చింతగా ఉన్నాం. ఇప్పుడు మాత్రం ఈ ఊళ్లో లక్షలు పెట్టి యంత్రాలు దింపేది ఒక్క గుర్రపు డెక్క కోసమే, అది చెరువులో ఉంటుంది.

1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం, జబ్బుతోనో పుండుతోనో పనికి తగని స్థితిలో ఉన్న జంతువుతో పని చేయించడం నేరం. మొదటిసారికి జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, యాభైకి మించకుండా! యాభై రూపాయలు! ఆ హాలు బయట కారు నిలపడానికి నేను ఇచ్చింది అంత. పెళ్లికొడుకు తల చుట్టూ తిప్పి మేనమామ గాలిలోకి విసిరిన నోట్లతో ఆ నేరాన్ని వంద సార్లు చేసుకోవచ్చు.

గుర్రాన్ని తోలుకొచ్చిన అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. ముహూర్తాలున్న కొద్ది రోజులే అతనికి ఏడాది తిండి. గుర్రానికి ఏడాది విశ్రాంతి ఇస్తే దాణా ఎవరు పోస్తారు, అతని పిల్లలకు ఎవరు పెడతారు? నాకు మండింది మన మీద. మూడు వందల మందిమి ఉన్నాం. బీటెక్‌లు, ఎంబీఏలు, ఇద్దరు డాక్టర్లు. పక్కనే మామునూరులో పశువైద్య కళాశాలే ఉంది. గుర్రం తెల్లగా ఉందా అని అడిగాం, ఆడుతుందా అని అడిగాం. దాని కాలు ఎలా ఉందని ఒక్కడు అడగలేదు, నాతో సహా! నేను కూడా అరగంట చప్పట్లు కొట్టాక చూశాను.

హాలు ముందు పెళ్లికొడుకు దిగాడు. పాట ఆగింది. గుర్రం కుడికాలు ముందుకు చాపి, గిట్ట కొస మాత్రం నేలకు ఆనించి నిలబడింది. కాజీపేటలో పదిన్నరకు ఇంకో బరాత్ ఉందని మధ్యవర్తి తొందరపెడుతున్నాడు. మేనమామ కారు అద్దం దించి, శ్రావణంలో తన కొడుకు పెళ్లికి ఇదే గుర్రం కావాలని, తల ఊపేదే కావాలని ఐదు వందలు బయానా అందించాడు.

‘అప్పటికి ఇంకా బాగా ఊపుతుంది సార్’ అన్నాడు మధ్యవర్తి.