రాత్రి లేవడానికి ప్రొస్టేట్ ఒక్కటే కారణమా?

యాభై దాటిన మగవారు రాత్రి మూత్రానికి లేవడం మొదలుపెడితే ఇంట్లో అందరూ తేల్చేసే మాట ఒకటే: ‘ప్రొస్టేట్ వచ్చింది’. అదేమీ కొత్తగా వచ్చేది కాదు, మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ పుట్టుకతో ఉన్న గ్రంథే. యువకుల్లో 20 గ్రాములకు అటూఇటూగా ఉండే ఆ గ్రంథి నలభై దాటాక మెల్లగా పెరుగుతుంది. యాభైల్లో ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఈ పెరుగుదల ఉంటుంది. ఇది క్యాన్సర్ కాదు. స్కానింగ్ రిపోర్టులో ‘గ్రేడ్ 2’ అని చూసి బెంగపెట్టుకునేవారు ఒకటి గమనించాలి. ఆ అంకె గ్రంథి ఎంత పెరిగిందో చెబుతుంది కానీ, మనిషి ఎంత ఇబ్బంది పడుతున్నాడో చెప్పదు. పెద్ద గ్రంథితో హాయిగా ఉన్నవారూ, చిన్న గ్రంథితో అవస్థపడేవారూ ఉన్నారు.

ధార సన్నబడటం, మొదలవడానికి కాసేపు పట్టడం, అయిపోయిందనుకున్నాక నాలుగు చుక్కలు రాలడం ఆరోగ్యవంతులకూ వయసుతో వచ్చే మార్పులే. అయితే రాత్రి మెలకువల వెనుక వేరే కథ ఉండవచ్చు.

వయసులో ఉన్నప్పుడు నిద్రవేళ వాసోప్రెసిన్ అనే హార్మోను పెరిగి, మూత్రం తయారీని తగ్గిస్తుంది. వయసు పైబడేకొద్దీ ఆ పెరుగుదల మందగిస్తుంది. యువకులకు రోజు మొత్తం మూత్రంలో ఐదో వంతు రాత్రిపూట వస్తే, 65 దాటినవారికి మూడో వంతు వరకూ రావచ్చు. పగలంతా కూర్చున్నవారి కాళ్లలో చేరిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగి వస్తుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కాళ్లు వాచేవారికి ఇది మరీ ఎక్కువ. భోజనంలో ఉప్పు, అదుపులో లేని షుగర్, ఊపిరి ఆగిపోయేంత గురక కూడా కారణాలే. ఇలాంటివారికి ప్రొస్టేట్ మాత్రలు ఎన్ని మింగినా పెద్దగా ఫలితం ఉండదు.

అందుకే నా దృష్టిలో స్కానింగ్ కంటే ముందు కావలసింది ఒక కొలత మగ్గు, ఒక నోటు పుస్తకం. మూడు రోజులపాటు ఎప్పుడు, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో రాస్తే, మూత్రాశయం కొద్దికొద్దిగా వదులుతోందా, కిడ్నీలే రాత్రిపూట ఎక్కువ తయారుచేస్తున్నాయా తెలిసిపోతుంది. రూపాయి ఖర్చులేని పరీక్ష కాబట్టేనేమో, దీన్ని అడిగేవారు తక్కువ.

మనవాళ్లు చేసుకునే సొంత వైద్యం నీళ్లు మానేయడం. బస్సు ప్రయాణం ఉందంటే పొద్దున్నుంచే గొంతు తడుపుకోరు. మన ఎండల్లో అది రాళ్లకు దారి. పగలు తాగాల్సినంత తాగి, చీకటిపడ్డాక తగ్గించడం, సాయంత్రం కాసేపు కాళ్లు ఎత్తి పెట్టుకోవడం మేలు. నీరు తీసే మాత్ర వాడేవారు ఏ వేళకు వేసుకోవాలో డాక్టరును అడగాలి.

రక్తం పడినా, మంట ఉన్నా, పక్క తడిసినా మాత్రం వయసు మీదకు నెట్టి ఊరుకోకూడదు. జలుబు మాత్రలతోనూ జాగ్రత్త అవసరం. ముక్కు దిబ్బడ తగ్గించే కొన్ని మందులు ప్రొస్టేట్ పెరిగినవారికి మూత్రాన్ని పూర్తిగా బిగించేయగలవు. అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.