బ్యారెల్ రోల్ రావాలంటే ముందు మూడు చెరువుల నీళ్లు తాగాలి, ఇంజిన్ సంగతి తర్వాత

స్టాండప్ జెట్ స్కీ మీద బ్యారెల్ రోల్ కొట్టడానికి ఎన్ని సీసీ ఇంజిన్ కావాలి అని అడిగేవాళ్లందరికీ ఒక దండం. రీల్ చూస్తారు, బోటు అల మీంచి లేచి గాల్లో ఒక చుట్టు మెలి తిరిగి మళ్లీ నీళ్ల మీద పడుతుంది, వెంటనే "అన్నా, అందులో ఏ ఇంజిన్ ఉంది?" అని మెసేజ్. అల తగలకముందు ఆ మనిషి మోకాళ్లు ఏం చేస్తున్నాయో, తల ఎటు తిరిగిందో ఒక్కడూ అడగడు. రోల్ అంతా అక్కడే ఉంది కదా!

ఊళ్లో ఉన్నవాళ్ల కోసం ఒక మాట. వైజాగ్ బీచ్‌లో డబ్బులిచ్చి ఎక్కితే వెనక ఒక కుర్రాడు కూర్చుని తిప్పి తీసుకొస్తాడే, ఇది ఆ బండి కాదు. దీనికి సీటు ఉండదు. ఒక్కడే ఎక్కాలి, వెనకున్న చిన్న తొట్టిలాంటి దాంట్లో నిలబడాలి, ముందు నుంచి పైకీ కిందికీ ఆడే పొడుగాటి పోల్ ఒకటి వస్తుంది, దాని చివర హ్యాండిల్. వేగం తగ్గితే పక్కకి ఒరిగిపోతుంది. 1973లో కవాసాకి మొదట జెట్ స్కీ అని పేరు పెట్టి అమ్మింది ఈ నిలబడే రకాన్నే. దాని వెనకున్న క్లేటన్ జేకబ్‌సన్ మోటోక్రాస్ రేసులాడినవాడు. నిలబడి ఒంటితో బండిని తిప్పాలన్న ఆలోచన ఎక్కణ్నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు విషయం. రోల్ గాల్లో మొదలవదు. బోటు అడుగున పంపు ఉంటుంది, అది నీళ్లు పీల్చి వెనక నాజిల్‌లోంచి చిమ్ముతుంది, హ్యాండిల్ తిప్పితే ఆ నాజిల్ పక్కకి తిరుగుతుంది, తోసే శక్తి అయినా దిశ మార్చే శక్తి అయినా ఆ చిమ్మే నీళ్లదే. పంపు నీళ్లలోంచి బయటికొచ్చిందంటే అయిపోయింది, ఇంజిన్ గొంతు చించుకుని అరుస్తుంది తప్ప బోటుకి ఏమీ చేయలేదు, హ్యాండిల్ ఎంత తిప్పినా వృథా. అంటే మెలి తిరగడానికి కావాల్సిన తిప్పుడంతా తోక ఇంకా నీళ్లలో ఉన్న ఆ అర క్షణంలోనే ఇచ్చెయ్యాలి. గాలిలోకి లేచాక "ఇప్పుడు తిప్పుదాం" అనుకునేవాడు సగం తిరిగి నెత్తిమీద బోటుతో సహా కింద పడతాడు. ఇది తెలియనివాడికి రెండింతల ఇంజిన్ ఇస్తే రెండింతల ఎత్తు నుంచి పడతాడు, అంతే తేడా.

ఎడమవైపు రోల్ అనుకుందాం. అలకి మరీ సూటిగా కాకుండా కొంచెం వాలుగా రావాలి. ఫుల్ స్పీడ్ అక్కర్లేదు, దూకుతూ వచ్చేవాడికి అల మొదలెక్కడో తెలిసేలోపే అది దాటిపోతుంది. అల వాలు మొదలవగానే మోకాళ్లు బాగా వంచి బరువంతా కిందికి దించాలి, అల అంచు ముక్కుని పైకి లేపే సమయానికి కాళ్లు తన్ని లేవాలి, అదే ఊపులో బోటుని ఎడమకి వాల్చి, హ్యాండిల్ ఎడమకి పూర్తిగా తిప్పి, థ్రాటిల్ నొక్కిపట్టి, తల ఎడమ భుజం మీదుగా వెనక్కి తిప్పి చూడాలి. తల వెళ్లిన చోటికి భుజం వెళ్తుంది, భుజం వెనకే బోటు వస్తుంది. కొత్తవాళ్లందరూ ఇక్కడే తప్పిపోతారు. కళ్లు ముందుకే చూస్తుంటాయి, చేతులు మాత్రం పక్కకి లాగుతుంటాయి. పోల్‌ని ఛాతీకి దగ్గరగా లాగి ఒంటిని ముడుచుకుంటే తిరగడం వేగం పెరుగుతుంది, చేతులు చాచేశావంటే అక్కడితో నెమ్మదించిపోతుంది. నీళ్లు మళ్లీ కనపడగానే మోకాళ్లు సడలించి దిగడం. రాస్తే ఇంత ఉంది కానీ అక్కడ జరిగేది ఒక్క తుమ్ము తుమ్మేంత సేపట్లో.

అందుకే నేను ప్రతివాడికీ చెప్పేది ముందు సబ్ నేర్చుకోమని. అంటే బరువంతా ముందుకేసి ముక్కుని నీళ్లలోకి దించి, బోటుతో సహా మనిషి మునిగి, మళ్లీ పైకి తన్నుకు రావడం. చూడ్డానికి పిచ్చి పనిలా ఉంటుంది, ముక్కులోకి చెవుల్లోకి నీళ్లు పోతాయి, కానీ బోటు ముక్కు ఎప్పుడు మాట వింటుందో, తోక ఎప్పుడు నీళ్లు వదిలేస్తుందో కాళ్లకి తెలిసేది అక్కడే. పైగా నీళ్ల కింద, ఊపిరి బిగబట్టి, కాళ్లు ఫుట్‌హోల్డ్స్‌లో (పాదాలు జారిపోకుండా తొట్టిలో బిగించే పట్టీల్లో) ఉండగా కంగారుపడకుండా ఉండటం అలవాటవుతుంది. ఆ అలవాటు లేనివాడికి రోల్ మధ్యలో టెన్షన్ వచ్చి థ్రాటిల్ వదిలేస్తాడు. సగం మనసుతో కొట్టిన రోల్ కంటే ప్రమాదకరమైనది ఇందులో ఇంకోటి లేదు, ఎందుకంటే సగం తిరిగి ఆగిన బోటు సరిగ్గా నీ మీదే ఉంటుంది. వెళ్తే పూర్తిగా వెళ్లాలి, లేదా అల దగ్గరే మానుకోవాలి.

ఇక్కడ ఎదుటి పక్షం వాళ్లకీ ఒకటి చెప్పాలి. "స్కిల్ ఉంటే షోరూమ్ బండి మీదే అన్నీ చేయొచ్చు" అని ప్రవచనాలు చెప్పే పెద్దమనుషులున్నారు. అదీ అబద్ధమే. ఏ బోటు, ఏ నీళ్లు అన్నది చూడకుండా ఆ మాట అనకూడదు. సముద్రంలో మంచి అల దొరికితే ఎత్తే పని అలే చేస్తుంది, పాత టూ స్ట్రోక్ యమహా సూపర్ జెట్‌కి ఫుట్‌హోల్డ్స్ వేసుకుని రోల్ కొట్టేవాళ్లు ఉన్నారు. అది 701 సీసీ, ఆయిలూ పెట్రోలూ లేకుండా దాదాపు 139 కిలోలు. అదే కదలని చెరువులాంటి నీళ్ల మీద అయితే నీ అల నువ్వే తయారు చేసుకోవాలి, గుండ్రంగా తిరిగొచ్చి నీ బోటు లేపిన అల మీదే నువ్వు ఎక్కాలి, ఆ చిన్న గట్టు మీంచి లేవాలంటే తేలికైన హల్ (బోటు ఒళ్లు), బలమైన ఇంజిన్ నిజంగానే కావాలి. కార్బన్ ఫైబర్ బోట్లు పుట్టిందే అందుకు. ఇక కవాసాకి ఎస్‌ఎక్స్-ఆర్ ఉంది, 2017లో వచ్చిన 1,498 సీసీ ఫోర్ స్ట్రోక్, 250 కిలోలు. రేసుకి అద్భుతం, సూటిగా వదిలితే బాణం. దాన్ని తెచ్చుకుని రోల్ నేర్చుకుంటానంటే ఏనుగుకి పిల్లిమొగ్గలు నేర్పడమే. 2021 నుంచి సూపర్ జెట్ కూడా ఫోర్ స్ట్రోకే, 1,049 సీసీ, మునుపటి కంటే బరువు. అందుకే రోల్ పిచ్చి ఉన్నవాళ్లు ఇంకా పాత టూ స్ట్రోక్‌ల వెంట పడుతున్నారు. ఆర్ఎక్స్ 100 పొగ వాసన పీల్చి పెరిగినవాళ్లకి ఈ బలహీనత ఏంటో తెలుస్తుంది.

కాబట్టి డబ్బు ఏ వరసలో ఖర్చు పెట్టాలంటే, మొదట ఒంటికి. దెబ్బ తగలకుండా కాపాడే మంచి ఇంపాక్ట్ వెస్ట్, హెల్మెట్, ఒంటికి అతుక్కుని ఉండే మందమైన రబ్బరు వెట్‌సూట్. బోటు మీద ఉండే వార్నింగ్ స్టిక్కర్ ఎప్పుడైనా పూర్తిగా చదివారా? వెట్‌సూట్ కింది భాగం వేసుకోమని, లేకపోతే పడినప్పుడో జెట్ దగ్గరున్నప్పుడో నీళ్లు బలంగా ఒంట్లోకి దూసుకుపోయి తీవ్రమైన గాయాలవుతాయని రాసి ఉంటుంది. నవ్వుకుని షార్ట్స్‌తో ఎక్కేవాళ్లని రోజూ చూస్తుంటాం. ఆ తర్వాత ఫుట్‌హోల్డ్స్, అవి లేకపోతే తలకిందులైనప్పుడు బోటు ఒకవైపు నువ్వు ఒకవైపు. అయితే మరీ బిగుతుగా ఉంటే పడేటప్పుడు పాదం బయటికి రాక చీలమండ పోతుంది, లాగితే వచ్చేంత వదులు ఉండాలి. తర్వాత బోటు లోపల చేరిన నీళ్లని బయటికి తోడే బిల్జ్ పంపు. ఇంజిన్ జాబితాలో ఆఖరు.

ఇంకో సంగతి ఎవరూ రీల్‌లో చూపించరు. తలకిందులైన బోటుని సరిచేసేటప్పుడు ఏ వైపు తిప్పాలో వెనక స్టిక్కర్ మీద బాణం గుర్తు ఉంటుంది, రెండో వైపు తిప్పితే ఎగ్జాస్ట్‌లోని నీళ్లు ఇంజిన్‌లోకి జారతాయి. అప్పుడు రోజంతా ఒడ్డునే. హుడ్ తీసి, స్పార్క్ ప్లగ్గులు రెండూ ఊడదీసి, వాటిని గ్రౌండ్ చేసి (అంటే ఇంజిన్ లోహానికి ఆనించి), స్టార్ట్ బటన్ నొక్కితే ప్లగ్గు రంధ్రాల్లోంచి పాలలా తెల్లటి నీళ్లూ ఆయిలూ పిచికారీలా మొహం మీదికి లేస్తాయి. చిమ్మేది ఆగేదాకా తిప్పడం, కొత్త ప్లగ్గులు బిగించడం, మళ్లీ స్టార్ట్ చేయడం. పక్కన పెళ్లాం పిల్లలు మడత కుర్చీల్లో కూర్చుని "ఇంకా ఎంతసేపు నాన్నా" అంటుంటే ఈ పని చేసేవాడే అసలు ఫ్రీస్టైల్ (ఇలాంటి ఫీట్లు చేసే) రైడర్ అని నా లెక్క. మా పెద్దనాన్నగారైతే ఫోన్ చేసిన ప్రతిసారీ ఆ డబ్బుతో ఊళ్లో స్థలం వచ్చేదిరా అంటారు. నిజమే, ఏం చెప్తాం.

ఇక్కడ కాలిఫోర్నియా బే ఏరియాలో ఉన్న మనవాళ్లు చోటు గురించి అడుగుతుంటారు. మాకు దగ్గర్లో శాక్రమెంటో డెల్టా ఉంది, కాలవలన్నీ చాలావరకు ప్రశాంతం, సబ్‌లు నేర్చుకోవడానికి బాగుంటుంది, రోల్‌కి అలలు దొరకవు. శాంతాక్రూజ్, మాంటెరే వైపు సముద్రమంతా మెరైన్ శాంక్చువరీ, అంటే రక్షిత ప్రాంతం, కేటాయించిన జోన్లలో తప్ప తిప్పకూడదు. కాబట్టి అలలు కావాలంటే పిస్మో వైపు పొడుగు డ్రైవ్ తప్పదు. పక్కవాడి బోటు వెనక లేచే అల మీద దూకుదాం అనుకుంటే, కాలిఫోర్నియాలో ఆ బోటుకి 100 అడుగుల లోపు అలా దూకడం చట్టం ప్రకారం నేరం, చట్టం లేకపోయినా అది బుద్ధిలేని పని. 2024 అక్టోబర్‌లో స్టాక్టన్ పోర్టు దగ్గర గోల్డెన్ మస్సెల్స్ (బోట్లకి అంటుకుని వేరే నీళ్లకి పాకే ఒక రకం ఆల్చిప్పలు) బయటపడ్డాక డెల్టాలో తడిసిన బోటుని వేరే సరస్సుకి తీసుకెళ్లడం కూడా తేలిక కాదు, ఇన్‌స్పెక్షన్లు, క్వారంటైన్లు ఉన్నాయి, బయల్దేరే ముందు ఆ సరస్సు రూల్స్ చూసుకోండి.

వాడిన సూపర్ జెట్ కొనబోయేవాళ్లు ఇది మాత్రం మర్చిపోవద్దు. సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ ఒకటి పట్టుకెళ్లండి, రెండు సిలిండర్ల రీడింగ్ దగ్గర దగ్గరగా ఉండాలి. పోల్ బిగించిన చోటా, నిలబడే తొట్టి అడుగునా టార్చ్ వేసి పగుళ్లు చూడండి, దూకిన బోట్లు అక్కడే చెప్పేస్తాయి. అమ్మేవాడు "ఇంజిన్ ఇప్పుడే రీబిల్డ్ చేయించాం" అంటే రసీదు అడగండి. రసీదు లేదంటే, రీబిల్డ్ జరగలేదనుకుని ధర మాట్లాడండి.