పాయింట్ల జాకెట్టు

మగ్గం వర్క్ ఎక్కడ చేయించుకున్నారో మా విజయవాడ ఆడవాళ్ళు తోబుట్టువుకి కూడా ఓ పట్టాన చెప్పరు. పేరంటంలో ఎవరైనా వెనక్కొచ్చి వీపు చూసి, "ఎంత బావుందో వదినా, ఎవరి దగ్గర?" అంటే చాలు, "వన్‌టౌన్‌లో ఎవరోలే, మా తమ్ముడి ఫ్రెండు వాళ్ళావిడకి తెలుసు" అనేస్తారు. ఆ ఎవరోలే మేమే. ఉండేది వన్‌టౌన్‌లో కూడా కాదు, సత్యనారాయణపురంలో. ముందుగదిలో సోఫా అమ్మేసి మగ్గం వేసుకున్నాం. మా ఆవిడ కుడుతుంది, నేను పుస్తకం రాస్తాను.

ఆ పుస్తకంలో 'ఎవరు పంపారు' అని నేనే ముచ్చటపడి ఓ గడి గీశాను. ఏడేళ్ళుగా అందులో పాల లెక్క రాసుకుంటున్నాం. అలాంటిది పోయిన శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతం అయిన మర్నాటి నుంచి వారం తిరక్కుండా నలుగురు వచ్చారు. నలుగురూ ఒకే ఇంటిపేరు చెప్పారు. మా పాత కస్టమర్ ఒకమ్మాయి ఉంది, మూడేళ్ళుగా మమ్మల్ని వదలకుండా వస్తోంది. వీళ్ళని పంపింది ఆ అమ్మాయి కాదు, వాళ్ళత్తగారట. వాయనం అందుకుంటూ ప్రతివాళ్ళకీ కోడల్ని వెనక్కి తిప్పి మరీ చూపించిందట.

"చూశావా, పెద్దతరం వాళ్ళకి దాపరికాలుండవు" అన్నాను.

వచ్చినవాళ్ళు డిజైన్ల పుస్తకం తిరగేసి, నెమలి దగ్గర ఆగి రేటు అడిగారు. 6,500 అంది మా ఆవిడ.

"అదేంటమ్మా, వాళ్ళ కోడలికి పదిహేను వందలకే చేశారటగా!"

పదిహేను వందలకి నెమలి కాదు కదా, దాని ముక్కు కూడా రాదు. జర్దోసీ అంటే సన్న స్ప్రింగులా చుట్టిన తీగ. దాన్ని వడ్లగింజంత ముక్కలుగా కత్తిరించి, ఒక్కోటీ పూసలా సూదికెక్కించి కుట్టాలి. లాగితే సాగిపోతుంది, సాగిందా పారెయ్యడమే. నెమలి మెడకే ఓ పూట. ఇక ఈకలకి ఆరీ సూది, కొనలో కొక్కెం ఉండేది: పైన కుడిచేత్తో గుచ్చడం, బట్ట కింద ఎడంచేత్తో కొక్కేనికి దారం అందించడం. కింద చెయ్యి కంటికి కనపడదు, వేళ్ళే చూసుకోవాలి. మూడు రోజులు అలా వంగి కూచుంటే నాలుగో రోజు నిలబడ్డాక కూడా మా ఆవిడ మగ్గం వేపే చూస్తుంటుంది, మెడ లేవక.

నేను పుస్తకం తీసి అసలు రేటు చూపించబోయాను. మా ఆవిడ కాలు తొక్కింది.

"అప్పుడేదో ఆషాఢం ఆఫర్లెండి" అని సర్ది పంపించేసింది. ముగ్గురు మళ్ళీ రాలేదు. నాలుగో ఆవిడ పదిహేను వందలకి ఎంతొస్తే అంతే చెయ్యమంది. చేతుల అంచున రెండు వరసల పూసలొచ్చాయి.

కాలు ఎందుకు తొక్కిందో నాకు అర్థమవడానికి రెండు రోజులు పట్టింది. ఆ అమ్మాయి ఇంట్లో రేటు తగ్గించి చెప్పుకుంటోంది. మిగతా అయిదు వేలూ ఆ ఇంటి ప్రశాంతత ఖరీదు. ఇది తెలిసిన తర్వాత కూడా నేను చేసిన పని చెబుతున్నాను, వినండి.

ఎంతైనా నలుగుర్ని పంపిన పెద్దావిడ. కృతజ్ఞత చెప్పుకోవాలా వద్దా? మా ఆవిడ గుంటూరు వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిన రోజు చూసుకుని, గట్టి అట్ట కొని, బంగారు రంగు పెన్నుతో రాశాను: 'మీ కుటుంబానికి మా ధన్యవాదాలు. మీకు రెండు చీరలకి ఫాల్, పీకో ఉచితం.' కింద ఇంకా జాగా మిగిలింది. బోసిగా ఉందని పుస్తకం చూసి, కూడి, 'ఇప్పటివరకు జాకెట్లు: 9. మొత్తం: 52,300/-' అని నింపాను. రేటు రాయకూడదని గుర్తుంది. రాయలేదు కూడా. మొత్తం మాత్రం రాశాను.

పెద్దావిడ చాలా సంతోషించింది. కుర్చీ వేసి, కళ్ళజోడు తెప్పించుకుని, పైకే చదవడం మొదలుపెట్టింది. కోడలు కాఫీ తెస్తూ గుమ్మంలో ఉంది.

"జాకెట్లు తొమ్మిది. తొమ్మిదేంటి? నేను చూసినవి ఆరేగా?"

"మూడు మా అమ్మ వాళ్ళవి అత్తయ్యా."

"మొత్తం... యాభై రెండు వేల..."

గ్లాసు సాసర్లో గలగలమంది. నా గుండె చప్పుడు కూడా అదే వరసలో ఉంది.

"అవి పాయింట్లు అత్తయ్యా" అంది కోడలు, రెప్ప కూడా వెయ్యకుండా. "సూపర్ బజార్లో ఇస్తారే, అలాగ. కదా అన్నయ్యగారూ?"

"అవునండీ. పాయింట్లే."

"మరి చివర ఈ గీతలేంటి బాబూ?"

"అది... డిజైనండీ."

ఆవిడ అట్టని మడిచి బొడ్లో దోపుకుంటుందనుకున్నాను. దోపుకోలేదు. కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "ఇన్ని పాయింట్లకి మరి ఏమిస్తారు?" అంది. కాఫీ గొంతులో ఉంది, మింగాలి, జవాబూ చెప్పాలి. రెండూ ఒకేసారి చేశాను. "మీ ఇష్టం పిన్నిగారూ" అన్నమాట ఆ దగ్గులోంచి ఎలా బయటపడిందో తెలియదు.

మర్నాడు పొద్దున్నే వచ్చేసింది, ఆది జాకెట్టు, మెంతిరంగు పట్టుబట్ట, నా అట్ట పట్టుకుని. నెమలి కావాలట. "కోడలిదాని కంటే ఓ నాలుగు ఈకలు ఎక్కువ పడనీ, పాయింట్లు బోలెడున్నాయిగా" అంది. అప్పుడే గుంటూరు నుంచి దిగిన మా ఆవిడ చేతిలో సంచీతో గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నన్ను ఒక్క మాట అనలేదు. మగ్గం మీద బట్ట బిగించి, జర్దోసీ చుట్టా కత్తెరా నా ముందు పెట్టింది. "వడ్లగింజంత. కొలత తప్పితే మళ్ళీ కత్తిరించాలి" అంది. నాలుగు రోజులు కత్తిరించాను.

జాకెట్టు ఇచ్చిన సాయంత్రం ఫోన్ టింగుమంది. కోడలు ఫోన్‌పే చేసింది. ఎంతైనా మంచి పిల్ల, నా మూలంగా మాకు నష్టం రానిస్తుందా అనుకుంటూ చూశాను. 1,500.

కింద మెసేజ్: "నెమలి రేటు అంతేగా అన్నయ్యగారూ, మా అత్తయ్య అందరికీ చెప్పింది."