థర్మామీటరుకున్నపాటి నీడ

ఈ ఎండల్లో అందరికన్నా క్షేమంగా ఉన్నదెవరా అని చాలా రోజులు ఆలోచించాను. ఏసీ గదుల్లోని వాళ్లే అనుకునేవాణ్ని. కాదు, కరెంటు పోతే వాళ్ల సంగతీ అంతే. అసలు అదృష్టం వాతావరణ కేంద్రం ఆవరణలో ఉండే థర్మామీటరుది. దాని వైభోగం చూశాక మనిషిగా పుట్టినందుకు నాకు కాస్త నామోషీ వేసింది.

దానికో చెక్క ఇల్లుంటుంది. పేరు స్టీవెన్‌సన్ స్క్రీన్. 19వ శతాబ్దంలో థామస్ స్టీవెన్‌సన్ అనే లైట్‌హౌసుల ఇంజినీరు దీన్ని రూపొందించాడు. ఎండను తిప్పికొట్టడానికి ఒళ్లంతా తెల్లరంగు. గోడలకు రెండు వరసల ఏటవాలు పలకలు: గాలి దూరుతుంది, ఎండ దూరదు. నేల సెగ తగలకుండా నాలుగడుగుల ఎత్తున కాళ్ల మీద నిలబెడతారు, కింద పచ్చిక. తలుపు ఉత్తరం వైపు, తీసిన ఆ కాస్తసేపూ ఎండ పడకూడదని. (భూమధ్యరేఖకు దిగువన ఉంటే దక్షిణం వైపు. ఏ అర్ధగోళంలోనైనా మర్యాదకు లోటు లేదు.) ఎందుకింత సేవ అంటే, ఎండ తగిలితే రీడింగు తప్పొస్తుందట.

ఇంతకీ అందులో ఏళ్ల తరబడి కాపురమున్నది పాదరసం. అది మరగాలంటే 356 డిగ్రీలు దాటాలి. మనిషి ఒంట్లో వేడి మామూలుగా 37, ఎండ వేడికి అది 40 దాటిందంటే వడదెబ్బే. మూడు డిగ్రీల జాగా ఉన్నవాడు ఎండలో, మూడొందల డిగ్రీల జాగా ఉన్నది నీడలో! ఈ పంపకాలు చేసిన పెద్దమనిషి ఎవరో గానీ, ఎండన పడి తిరిగినవాడు మాత్రం కాదు.

"రేపు 44 డిగ్రీలు" అంటారు చూడండి, అది నీడలో కూర్చున్న థర్మామీటరు స్వానుభవం. నేరుగా ఎండలో నిలబడితే ఒంటికి తెలిసే వేడి మరో 8 డిగ్రీల దాకా పెరగొచ్చు. అది మన సొంత ఖాతా.

ఆ ఇంట్లోనే ఇంకో థర్మామీటరుంది, తడి బల్బుది. దాని ఒంటికి తడిగుడ్డ, పక్కనే బుల్లి నీళ్లసీసా. గుడ్డ ఆరకుండా చూసుకోవడానికి జీతమిచ్చి మనిషిని పెడతారు. నీళ్లు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతాయి, మన చెమట చేసేదీ ఆ పనే. రెండు థర్మామీటర్లూ ఒకే అంకె చూపిస్తే గాలి నిండా తేమ ఉన్నట్టు: చెమట కారుతుంది, ఆరదు. తడి బల్బు 35కు చేరితే ఎంత గట్టివాడైనా, నీడలో ఊరికే కూర్చున్నా, కొన్ని గంటలకు మించి నిలవలేడని లెక్క. ముసలివాళ్లూ బరువులు మోసేవాళ్లూ అంతకు చాలా ముందే కూలిపోతారు.

కాబట్టి నా వినతి ఒక్కటే: మనిషిని థర్మామీటరుగా గుర్తించాలి. లేత రంగు వదులు బట్టలు, నీడ, మెడ మీద తడిగుడ్డ, చేతికందేలా నీళ్లు. దాహమేస్తోందని థర్మామీటరు అడిగేదాకా ఎవరూ ఆగరు కదా, మనం మాత్రం ఎందుకాగాలి? కొత్త పరికరాన్ని సరిచూశాకే పనిలో పెడతారు. వేడికి అలవాటు పడటానికి ఒంటికి వారం, రెండు వారాలు పడుతుంది. అయినా కొత్త కూలీకి మొదటిరోజే నిండు బరువు.

ఇక రీడింగు తప్పితే? పరికరానిదైతే ఫైలు కదులుతుంది. మనిషి తూలుతూ పొంతన లేకుండా మాట్లాడితే మాత్రం "పొద్దున్నే తాగొచ్చాడు" అంటారు. అది వడదెబ్బ కావచ్చు. వెంటనే అంబులెన్సును పిలిచి, నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పొయ్యకూడదు. జ్వరం బిళ్ల దీనికి పనిచెయ్యదు.

1995 జూలైలో షికాగోలో వడగాడ్పులకు 700 మందికి పైగా పోయారు. చాలామంది ఒంటరిగా బతికే ముసలివాళ్లు, తమ గదుల్లోనే. థర్మామీటరు దగ్గరికైతే మూడు గంటలకోసారి ఎవరో ఒకరు వస్తారు, రాత్రిళ్లు కూడా. తలుపు తీసి, ఎలా ఉందో చూసి, రాసుకుని, ఎండ పడకుండా మళ్లీ మూసి వెళ్తారు.