మెడలో లైన్ ఎన్నాళ్లు?

తిరుపతి, చిత్తూరుల్లో ఏ డయాలసిస్ కేంద్రానికి వెళ్లినా కొందరికి మెడ పక్కనో ఛాతీ మీదో ప్లాస్టర్ కింద నుంచి రెండు గొట్టాలు కనిపిస్తాయి. ఒకదానికి ఎర్ర క్లిప్పు, ఇంకోదానికి నీలం. డయాలసిస్ కోసం రక్తం తీసి తిరిగి ఎక్కించే ఈ గొట్టాన్నే కాథెటర్ అనీ, లైన్ అనీ అంటారు. దాని కొస గుండె దగ్గరి పెద్ద సిరలో ఉంటుంది. బయటి క్రిములు నేరుగా రక్తంలోకి వెళ్లడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

యంత్రానికి కలిపిన కాసేపటికే మనిషి ఉన్నట్టుండి వణికిపోతాడు. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడుతుంటాయి. ఏసీ చలి అనుకుని పారాసిటమాల్ ఇచ్చి పంపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. గొట్టం లోపలి గోడకు పట్టుకున్న బ్యాక్టీరియా రక్తంలో కలిసినప్పుడు వచ్చే వణుకు అది కావచ్చు. ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్ష) తీయాలి, ఆ వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ఇంటికెళ్లాక ఊళ్లో ఆర్‌ఎంపీ ఏదో ఇంజెక్షన్ వేసేశాక కల్చర్ తీస్తే అసలు క్రిమి దొరక్కుండా పోవచ్చు. ఈలోగా అది గుండె కవాటాలకో వెన్నుపూసకో పాకవచ్చు.

దీన్ని ఆపలేమా అంటే, ఆపవచ్చని రుజువైంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 100కు పైగా ఐసీయూల్లో డాక్టర్ పీటర్ ప్రొనోవోస్ట్ బృందం లైన్ ఇన్ఫెక్షన్ల మీద చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. చేతులు కడుక్కోవడం, ఒళ్లంతా కప్పే స్టెరైల్ షీట్లు, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారకం, వీలైనంతవరకు తొడ సిర జోలికి పోకపోవడం, అవసరం తీరిన లైన్ తీసేయడం. పాటించింది ఇంతే. వెయ్యి కాథెటర్ రోజులకు (ఒకరికి ఒక రోజు లైన్ ఉంటే ఒక కాథెటర్ రోజు) 2.7గా ఉన్న మధ్యస్థ ఇన్ఫెక్షన్ రేటు మూడు నెలల్లోనే సున్నాకు దిగింది. డాక్టర్ ఒక మెట్టు వదిలేస్తే ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. నా దృష్టిలో అసలు మందు అదే. మన దగ్గర కలిపే ముందు, విప్పే ముందు గొట్టం మూతి చుట్టూ క్రిమిసంహారకంతో గట్టిగా రుద్దడానికి నర్సుకు తీరిక ఉండాలి. నర్సుకూ రోగికీ మాస్కు ఉండాలి. ఒక్కరే అన్ని మంచాలూ చూస్తుంటే అదెలా సాధ్యం?

అయితే డయాలసిస్‌లో లైన్ నెలల తరబడి ఉండిపోతోంది. మెడకు పెట్టే తాత్కాలిక లైన్ రెండు వారాలకు మించకూడదన్నది మార్గదర్శకాల మాట. లైన్‌కు బదులు, ఆపరేషన్‌తో చేతి సిరను ధమనికి కలిపే ఫిస్టులాలో ఇన్ఫెక్షన్ చాలా తక్కువ. కానీ అది పక్వం కావడానికి వారాలు పడుతుంది. కుప్పం, పుంగనూరు వైపు నుంచి ఆయాసంతో తిరుపతికో వేలూరుకో చేరే మనిషికి ఆ వ్యవధి ఉండదు. ముందే చెప్పినా ‘చెయ్యి పోతుందేమో’నన్న భయంతో వాయిదా వేసేవాళ్లు ఉన్నారు. కూర్చోబెట్టి నచ్చజెప్పేవాళ్లు లేరు.

డయాలసిస్ ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ కింద ప్రభుత్వమే భరిస్తున్నప్పుడు ప్రతి కేంద్రమూ ఎంతమంది లైన్ మీద ఉన్నారో, ఆ నెల ఎందరికి రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చిందో గోడ మీద రాయాలి. కిడ్నీ దెబ్బతిన్నదని తెలిసిన రోజే ఫిస్టులా పెట్టబోయే చేతికి, చాలామందికి అది ఎడమ చెయ్యి, సిర పాడవకుండా క్యానులా వేయొద్దని, రక్తం తీయొద్దని డాక్టర్ చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయాలి. ఆ చీటీని ఊళ్లో ఆర్‌ఎంపీకీ చూపించాలి.