ఆశపడితే రాళ్లా!

2023 డిసెంబరు 17, ఆదివారం రాత్రి, టీవీ రియాలిటీ షో బిగ్‌బాస్ తెలుగు ఏడో సీజన్ ఫైనల్ ముగిశాక హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్ బయట జరిగినదాన్ని ‘అభిమానుల అత్యుత్సాహం’ అని రాసి సరిపెట్టుకోవడం మాకు చేతకాదు. ఆరు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. రన్నరప్ అమర్‌దీప్ తల్లితో, భార్యతో కలిసి వెళ్తున్న కారును చుట్టుముట్టి అద్దాలు బద్దలు కొట్టారు. పాత పోటీదారుల కార్లనూ వదల్లేదు. తెలంగాణలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలై వారం దాటిందో లేదో, కాలు పెట్టే చోటు లేక కిటకిటలాడుతున్న బస్సులవి. వాటికీ బిగ్‌బాస్ ఏడో సీజన్ ఫైనల్‌కీ ఏం సంబంధమో రాయి విసిరినవాడే చెప్పాలి.

ఈ గొడవ కేసులో విజేత పల్లవి ప్రశాంత్‌ను పోలీసులు బుధవారం అరెస్టు చేశారు. ఆయన తప్పు ఉందో లేదో, ఉంటే ఎంతో కోర్టు తేలుస్తుంది. దాని మీద మేం ముందే తీర్పు చెప్పబోవడం లేదు. మా ప్రశ్న వేరు. ఆ కారులో కూర్చున్న అమర్‌దీప్ చేసిన నేరం ఏమిటి? మూడున్నర నెలల ఆటను మొదటి నుంచీ చూసినవాళ్లెవరైనా చెప్పగలిగింది ఒక్కటే. అతనికి గెలవాలని ఉంది. ఉన్న సంగతి దాచుకోలేదు.

నవంబరులో జరిగిన ఆ కెప్టెన్సీ టాస్క్, అంటే ఇంటికి కెప్టెన్ ఎవరో తేల్చే పోటీ, గుర్తుందా? ఆఖరి మాట తోటి పోటీదారు, నటుడు శివాజీ చేతిలో పడింది. ఆయన అంతకుముందే మరో పోటీదారు అర్జున్‌కు మాట ఇచ్చి ఉన్నారు. అమర్‌దీప్ బతిమాలాడు. ఒక్కసారి కెప్టెన్‌ను కానివ్వమని అన్నను అడిగినట్టు అడిగాడు, కుదరదని తేలాక వెక్కి వెక్కి ఏడ్చాడు. చూడ్డానికి ఇబ్బందిగానే ఉంది, కాదనం. ఆ రాత్రి నుంచే అతని ఏడుపు ముఖం మీమ్ అయింది. పిచ్చివాడన్నారు, సిగ్గు లేదన్నారు. నాలుగైదు సెకన్ల ముక్కగా కత్తిరించి, వెనకాల కామెడీ బీజీఎం తగిలించి తిప్పారు. ఒక పోటీలో పాల్గొన్నవాడు ఆ పోటీలో గెలవాలనుకోవడం మనకు అంత వింతగా కనిపించింది.

విచిత్రం ఏమిటంటే, సెప్టెంబరులో ఇదే మాట పడ్డవాడు ప్రశాంత్. బిగ్‌బాస్ ఇంట్లోకి రావడానికి స్టూడియో చుట్టూ తిరిగానని, వీడియోలు పెట్టి వేడుకున్నానని అతనే చెప్పుకున్నాడు. ఎవరు బయటికి వెళ్లాలో పోటీదారులే పేర్లు చెప్పే నామినేషన్లు మొదటిసారి జరిగినప్పుడు ఇంటివాళ్లు దాన్నే పట్టుకున్నారు. రైతుబిడ్డ పేరుతో సింపతీ కోసం చూస్తున్నాడని ఒకరి తర్వాత ఒకరు ఎత్తిపొడిచారు. అందరికన్నా గొంతు పెంచినవాళ్లలో అమర్‌దీప్ ఒకడు. అడిగి లోపలికి వచ్చినవాణ్ని అడుక్కున్నాడని సెప్టెంబరులో వెక్కిరించినవాడే నవంబరుకి తనూ అడిగాడు, తనూ వెక్కిరింపు తిన్నాడు. గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు. కానీ ఈ లెక్కలో ఒకరికి ఒకరు చెల్లు అయ్యాక కూడా మిగిలేది మనమే. సెప్టెంబరులో ప్రశాంత్‌ను తిట్టారని కోపం తెచ్చుకున్న జనమే నవంబరులో అదే తిట్టును అమర్‌దీప్ మీద వాడారు. డిసెంబరుకి రాళ్లు ఏరారు.

ఆట మొదట్లో షో హోస్ట్ నాగార్జున ప్రశాంత్ చేతికి ఒక మిరప మొక్క ఇచ్చారు, జాగ్రత్తగా పెంచమని. కొన్నాళ్లకు అది వాడిపోయింది. రైతుబిడ్డనంటావు, మొక్కను చూసుకోలేవా అని హోస్ట్ అందరి ముందూ మందలించారు. జనం అయ్యో అన్నారు. మాకు మాత్రం ఆ ఎపిసోడ్‌లో నిజం చెప్పింది ఆ మొక్క ఒక్కటే అనిపించింది. టాస్కుల ధ్యాసలో పడి నీళ్లు మరిచిపోయాడంటే, ఆ కుర్రాడికి గెలవాలని ఎంత తపన ఉందో చూడండి. దానికి సిగ్గుపడాల్సిన పని ఏముంది? కానీ తపన ఉందని తెలిస్తే ఓట్లు రాలవు. అందుకని ఎవరికి వారు ఆ మాటను కప్పేసుకుంటారు.

కప్పుకోవడానికి మన దగ్గర మూడు దుప్పట్లు ఉన్నాయి. ఒకటి అమ్మ, రెండోది అనాథలు, మూడోది రైతు. 2021 సీజన్లో సన్నీ కప్పు తన కోసం అడగలేదు, అమ్మ అడిగిందన్నాడు. అమ్మ అడిగితే ఎవరు కాదంటారు? కప్పు ఇంటికి వెళ్లింది. 2020 సీజన్లో సోహెల్ ఫైనల్‌లో ఆట వదులుకుంటే ఇస్తామన్న 25 లక్షలు తీసుకుని మూడో స్థానంతో బయటికి వచ్చాడు. అందులో 10 లక్షలు అనాథాశ్రమానికి ఇస్తానన్నాడు కాబట్టి డబ్బు తీసుకున్న తప్పు మాఫీ అయింది. 2018 విజేత కౌశల్ ప్రైజ్ మనీ క్యాన్సర్ రోగులకని ప్రకటించారు. ఈసారి ప్రశాంత్ మొత్తం రైతులకే అన్నాడు. వీళ్ల మనసును శంకించడం మా ఉద్దేశం కాదు, ఇచ్చేవాళ్లు ఇవ్వనీ. మేం అడిగేది జనాన్ని. తన అప్పు తీర్చుకోవడానికో, సొంతిల్లు కట్టుకోవడానికో ప్రైజ్ మనీ యాభై లక్షలు కావాలని చెప్పినవాడికి మీరు ఓటు వేశారా ఎప్పుడైనా? కోరికకు పూచీకత్తు చూపించాలి. చూపించనివాడు స్వార్థపరుడు. వద్దు వద్దంటూనే విస్తరి ముందుకు జరుపుకునేవాడు మాత్రం మన దృష్టిలో ఉత్తముడు.

పూచీకత్తు లేకుండా ఆడితే ఏమవుతుందో 2022 డిసెంబరులో చూశాం. ఆరో సీజన్ మొదటి నుంచీ గాయకుడు రేవంత్ కప్పు తనదేనన్న పట్టుదలతో ఆడాడు. దూకుడు ఎక్కువన్నారు, ఓటమి ఒప్పుకోలేడన్నారు. అటు శ్రీహాన్ ఫైనల్‌లో 40 లక్షల సూట్‌కేసు తీసుకున్నాడు. తర్వాత నాగార్జునే వేదిక మీద చెప్పారు, కొద్ది తేడాతో ఓట్లలో శ్రీహాన్‌దే పైచేయి అని. కప్పు కావాలన్నవాడికి కప్పుతో పాటు మిగిలిన 10 లక్షలు, డబ్బు కావాలన్నవాడికి డబ్బు వచ్చాయి. ఎవరి లెక్క వాళ్లకు సరిపోయింది. అయినా ఇద్దరికీ తిట్లు తప్పలేదు. ఒకడు కప్పు ఆశపడ్డాడని, ఇంకొకడు డబ్బుకు ఆశపడ్డాడని. మరి దేనికి ఆశపడితే ఊరుకుంటారో కనీసం ఎక్కడైనా రాసి పెట్టాలి కదా! ఈసారి ప్రిన్స్ యావర్ 15 లక్షలు తీసుకుని వెళ్లిపోతే ఇంట్లో పరిస్థితి అలాంటిదని జనమే సర్దిచెప్పుకున్నారు. అంటే డబ్బు తీసుకోవడం తప్పు కాదు. తీసుకునేవాడు కష్టాల్లో ఉన్నట్టు మనకు నమ్మకం కుదరాలి, అంతే.

ఆడవాళ్ల సంగతికి వస్తే ఇది మరీ ఘోరం. 2023 నాటికి టీవీలో ఏడు సీజన్లు అయ్యాయి, ఒక్క మహిళ కూడా గెలవలేదు. గీతామాధురి, శ్రీముఖి రెండో స్థానం దాకా వచ్చి ఆగిపోయారు. అప్పటికి గెలిచిన ఒకే ఒక్క మహిళ బిందు మాధవి. అదీ ఓటీటీలో వచ్చిన నాన్‌స్టాప్ సీజన్లో. ఓట్ల లెక్కలకు కారణాలు చాలా ఉంటాయి, ఒప్పుకుంటాం. కానీ మగవాడు ‘కప్పు నాదే’ అంటే కాన్ఫిడెన్స్, ఆడపిల్ల అంటే ఓవరాక్షన్. మగవాడు లెక్క వేసుకుని ఆడితే మైండ్ గేమ్, ఆడపిల్ల ఆడితే కన్నింగ్. ఈ మాటలు రాసేవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. మా న్యూస్‌రూమ్‌లోనూ వినిపించాయి, దాచుకోవడం ఎందుకు.

హుందాతనం, వినయం మన సంస్కారమని, ఆశను బాహాటంగా చాటుకోవడం పద్ధతి కాదని కొందరు పెద్దలంటారు. గౌరవించదగ్గ మాటే. అయితే ఈ సంస్కారం టీవీ ముందు కూర్చున్నప్పుడే ఎందుకు గుర్తొస్తోంది? ఇంటర్ ఫలితాల మర్నాడు ఏ చానల్ పెట్టినా ‘ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు రెండు’ అంటూ ర్యాంకుల మోతే. పిల్లవాడి ఫొటో ఫ్లెక్సీ మీదికి ఎక్కకపోతే తల్లిదండ్రులకు నిద్ర పట్టదు. రెండో ర్యాంకు వచ్చినవాణ్ని ‘ఒక్క మార్కు ఎక్కడ పోయింది’ అని అడిగే ఇళ్లు ఇవే. 2023 నవంబరు 30న తెలంగాణ శాసనసభ ఎన్నికల పోలింగ్ జరిగింది. అంతకు నెల ముందు నుంచి ప్రతి అభ్యర్థీ చేతులు జోడించి గెలిపించమని అడిగాడు, కొందరు ఏడ్చారు కూడా. ఎవరమూ సిగ్గు లేదనలేదు. శాసనసభకు వెళ్తానని ఏడవొచ్చు గానీ కెప్టెన్సీ కోసం ఏడవకూడదా?

అసలు దెబ్బ ఇక్కడే ఉంది. ఆడేవాడి నోట గెలుపు మాట రాకూడదని కట్టడి చేశాం. ఆ కోరిక ఎక్కడికి పోతుంది? చూసేవాడి నెత్తికెక్కింది. ఇంట్లో ఉన్నవాడు ‘మీ ప్రేమ చాలు, కప్పు ముఖ్యం కాదు’ అంటుంటే, బయట వాడి పేరు మీద గ్రూపులు పెట్టి, హాట్‌స్టార్‌లో రోజూ ఓట్లు వేయించి, మిస్డ్ కాల్స్ కొట్టించి, ఎదుటివాడి ఇంటి ఆడవాళ్లను బూతులు తిట్టేవాళ్లు మాత్రం ‘మనమే గెలవాలి’ అని బాహాటంగా అరుస్తారు. 2018లో కౌశల్ అభిమానులు కౌశల్ ఆర్మీ పేరిట హైదరాబాద్‌లో 2కె రన్ తీసినప్పుడు ఇదేదో సరదా అనుకుని అందరం నవ్వుకున్నాం. ఆర్మీ అన్న పేరులోనే ఉంది మున్ముందు జరగబోయేది. ఐదేళ్లలో పరుగు కాస్తా రాళ్ల దాకా వచ్చింది. గెలవాలన్న ఆశ ఆడేవాడికి తప్పు, చూసేవాడికి హక్కు. ఇంతకన్నా తలకిందుల ధర్మం ఇంకొకటి ఉందా? ఈ సీజన్‌కు ‘ఉల్టా పుల్టా’ అని పేరు పెట్టింది ఎవరో గానీ సరిగ్గా పెట్టారు.

చానల్ వాళ్లకు ఇందులో పాపం లేదనుకోవద్దు. ప్రతి సోమవారం నామినేషన్లకు ‘కారణం’ చెప్పమంటారు. తోటివాడు గెలిచేలా ఉన్నాడు కాబట్టి బయటికి పంపుతున్నానని ఎవరూ చెప్పరు, చెప్పనివ్వరు. గిన్నెలు తోమలేదని, మాట తూలాడని, కళ్లలోకి చూసి మాట్లాడలేదని అంటారు. పోటీకి వచ్చి పోటీ అన్న మాట దాచుకునేందుకు నానా తంటాలు. శనివారం వస్తే హోస్ట్ గారే ‘ఆడటం లేదేంటి’ అని నిలదీస్తారు, గట్టిగా ఆడినవాణ్ని ‘అంత ఆవేశం ఎందుకు’ అని కూడా నిలదీస్తారు. ఏడుపు ప్రోమో అవుతుంది, ప్రోమో గొడవ అవుతుంది, ఆ గొడవలోంచే రేటింగ్ వస్తుంది. ఫైనల్ రోజు స్టూడియో గేటు బయట వేలమంది చేరతారని ఈ లెక్కలన్నీ తెలిసినవాళ్లకు తెలియదా? తెలిసీ చేతులు దులుపుకుంటే, ఆరు బస్సుల అద్దాల ఖర్చు టికెట్ కొని బస్సెక్కే జనం ఎందుకు మోయాలి?

ఫైనల్ రోజు జరిగిన ఇంకో చిన్న సంగతి చెప్పాలి. వేదిక మీదికి వచ్చిన రవితేజ సినిమాలో వేషం ఇస్తాం, ఇప్పుడే ఆట వదిలేసి వస్తావా అని నాగార్జున అడిగితే అమర్‌దీప్ క్షణం ఆలోచించకుండా తలుపు వైపు కదిలాడు. కప్పు పిచ్చివాడని తిట్టించుకున్న మనిషి, కప్పుకు అడుగు దూరంలో నిలబడి దాన్ని వదిలేసుకోబోయాడు. నచ్చింది కనపడితే మొహమాటపడకుండా కావాలనడం అతని తీరు. తప్పో ఒప్పో, కెమెరాల ముందు, తన ముఖంతో, తన పేరుతో అడిగాడు.

వచ్చే సీజన్ దరఖాస్తులు ఎలాగూ వస్తాయి. ప్రైజ్ మనీ ఏం చేస్తావని అడిగితే ఈసారి ఏ కుర్రాడూ నిజం చెప్పడు. ఏ దుప్పటి కప్పుకుంటే ఓట్లు పడతాయో ఈ ఫైనల్ చూసి నేర్చుకుని ఉంటాడు. ‘నాకు గెలవాలని ఉంది, డబ్బు నాకే కావాలి’ అని రాసినవాణ్ని చానల్ లోపలికి పిలుస్తుందా? పిలిచినా బతకనిస్తారా మీరు?

చీకట్లో, గుంపు మాటున, ముఖానికి రుమాలు కట్టుకుని, ఒక తల్లి కూర్చున్న కారు మీదికి రాయి విసిరిన మీరా, ఒకడు గెలిపించమని ఏడిస్తే సిగ్గు లేదా అని అడిగేది!